తేలిపోయాక మీటింగ్ ఎందుకు?

సర్క్యులర్ ముందురోజు సాయంత్రం వస్తుంది. "రేపు ఉదయం 10 గంటలకు సిబ్బంది అందరూ తప్పనిసరిగా హాజరు కావలెను." పదిన్నరకు పెద్దసారు వస్తారు. కొత్త విధానం గురించి నలభై నిమిషాల పాటు తెర మీద స్లయిడ్లు నడుస్తాయి. చివర్లో "ఎవరికైనా సందేహాలుంటే అడగొచ్చు" అంటారు. ముందు వరుసలోంచి ఒకరు లేచి, ప్రశ్న వేసే వంకతో విధానాన్ని మెచ్చుకుంటారు. వెనక వరుస గడియారం చూసుకుంటుంది. టీ, సమోసా, సంతకాల రిజిస్టరు. అసలు మాటలు ఆ తర్వాత బండ్లు తీసుకునే చోట మొదలవుతాయి. "ఇది అయ్యే పని కాదులే. అయినా మనకెందుకు, అడిగారా ఏమన్నా?"

హాల్లో రాని మాట పార్కింగ్‌లో ఎందుకొచ్చింది? "మనవాళ్లకు మార్పంటే గిట్టదు" అని యాజమాన్యాలు సర్దిచెప్పుకుంటాయి. "అంతా తేల్చేసుకున్నాక మమ్మల్నడిగి ఏం లాభం?" అంటారు సిబ్బంది. ఎనభై ఏళ్లుగా ఫ్యాక్టరీల్లోనూ ఊళ్లలోనూ జరిగిన ప్రయోగాలు తిరగేస్తే, సిబ్బంది వైపే ఎక్కువ సాక్ష్యం దొరుకుతుంది. మీటింగ్ పిలిచేనాటికి తేలకుండా ఏం మిగిలింది, ఎంత మిగిలింది అన్నదాన్ని బట్టే అక్కడ నోళ్లు పెగులుతాయి, తర్వాత పనీ జరుగుతుంది.

పైజామాల ఫ్యాక్టరీలో

అమెరికాలోని వర్జీనియా రాష్ట్రంలో మారియన్ అని ఒక చిన్న పట్టణం. హార్వుడ్ కంపెనీ అక్కడ పైజామాలు కుట్టించేది. పనివాళ్లలో ఎక్కువమంది ఆడవాళ్లు. ఎన్ని చేస్తే అంత కూలీ. పని పద్ధతి మార్చినప్పుడల్లా ఉత్పత్తి పడిపోయేది, ఫిర్యాదులు పెరిగేవి, కొందరు మానేసేవారు. చేయి తిరిగినవాళ్లు కూడా కొత్త పనిలో పాత వేగం అందుకోలేకపోయేవారు. సిబ్బంది వ్యవహారాలు చూసే లెస్టర్ కోచ్, మనస్తత్వ శాస్త్రవేత్త జాన్ ఫ్రెంచ్ కలిసి దీని సంగతేమిటో చూడాలనుకున్నారు. వాళ్ల నివేదిక 1948లో అచ్చయింది.

మొదటి జట్టులో 18 మంది, ఇస్త్రీ పనివాళ్లు. అంతవరకు బట్టల్ని అట్టల మీద పేర్చేవాళ్లు, ఇకమీదట పెట్టెల్లో సర్దాలి. మార్పు పెద్దదేమీ కాదు. మీటింగ్ పెట్టి, పోటీ పెరిగింది కాబట్టి మార్చక తప్పదన్నారు. కొత్త రేటు చెప్పారు, అడిగినవాటికి జవాబులిచ్చారు, పనికి పంపారు. మన సర్క్యులర్ మీటింగే అచ్చంగా. ఆ జట్టు ఉత్పత్తి పడిపోయి అక్కడే ఉండిపోయింది. 40 రోజుల్లో 17 శాతం మంది పని మానేశారు.

రెండో జట్టులో 13 మంది, బట్టలు మడతపెట్టేవాళ్లు. వీళ్ల ముందు రెండు పైజామాలు పెట్టారు. ఒకటి 1946లో చేసింది, రెండోది 1947లో చేసింది. మొదటిది రెండోదానికి రెట్టింపు ధరకు అమ్ముడుపోయింది. వీటిలో చవకది ఏదో చెప్పమన్నారు. అటూ ఇటూ తిప్పి చూసినా ఎవరూ చెప్పలేకపోయారు. ఖర్చు ఎందుకు తగ్గించాలో దాంతో అర్థమైంది. కొత్త పద్ధతి రూపొందించడానికి తమలోంచి కొందరిని ఎంచుకుని పంపారు. ఈ జట్టు 14 రోజుల్లోనే పాత వేగం అందుకుంది.

మిగతా రెండు జట్లు చిన్నవి, ఒకదాంట్లో 8 మంది, ఇంకోదాంట్లో 7 మంది. వీటిలో ప్రతినిధులంటూ లేరు, అందరూ కూర్చున్నారు. సూచనలు ఎంత వేగంగా వచ్చిపడ్డాయంటే, రాసుకోవడానికి కూర్చున్న స్టెనోగ్రాఫర్ అందుకోలేక అవస్థ పడింది. ఈ రెండు జట్లూ అందరికన్నా త్వరగా కోలుకుని, పాత ఉత్పత్తిని దాదాపు 14 శాతం దాటాయి. ఒక్కరూ మానలేదు.

అసలు రుజువు ఆ తర్వాత దొరికింది. చెదిరిపోయిన మొదటి జట్టులో మిగిలిన 13 మందిని రెండున్నర నెలలకు మళ్లీ పోగుచేసి ఇంకో కొత్త పని అప్పగించారు. ఈసారి అందరినీ కూర్చోబెట్టి, వాళ్లతోనే పద్ధతి తేల్చారు. అంతకుముందు మొండికేసిన ఆ మనుషులే చకచకా పని అందుకున్నారు.

జట్లు చిన్నవి, పనులు ఒకే రకానివి కావు అని ఈ ప్రయోగాన్ని తప్పుపట్టినవాళ్లున్నారు. ఫ్రెంచే మరో ఇద్దరితో కలిసి నార్వేలోని ఒక చెప్పుల ఫ్యాక్టరీలో దీన్ని మళ్లీ చేసి చూశాడు. 1960లో వచ్చిన ఆ ఫలితాల్లో ఉత్పత్తికి సంబంధించి చెప్పుకోదగ్గ తేడా కనబడలేదు. భాగమిచ్చిన విషయం పనికి సంబంధించినదై ఉండాలి, అది పనివాళ్లకు ముఖ్యమనిపించాలి, అందులో జోక్యం చేసుకునే హక్కు తమకుందని వాళ్లే నమ్మాలి. ఇవి లేనిచోట పదిమందిని కూర్చోబెట్టినంత మాత్రాన ఒరిగేదేమీ లేదని ఆ పరిశోధకులు తేల్చారు. గోడలకు ఏ రంగు వేయాలో సిబ్బందిని అడిగి, డ్యూటీ వేళలు మాత్రం పైన తేల్చుకునే ఆఫీసులకు ఈ నార్వే కథ బాగా వర్తిస్తుంది.

పిలవకముందు రాసుకోవలసిన కాగితం

అందుకే పిలిచేవాళ్లు ముందు తమ గదిలో కూర్చుని ఒక కాగితాన్ని మూడు గళ్లు చేసుకోవాలి. మొదటి గడిలో తేలిపోయినవి. రెండో గడిలో సిబ్బంది మాట విని యాజమాన్యం తేల్చేవి. మూడో గడిలో సిబ్బందే తేల్చుకునేవి. హార్వుడ్‌లోనూ ఖర్చు తగ్గించాలన్నది తేలిపోయిన విషయమే. ఎలా తగ్గించాలన్నదే తేలకుండా ఉంచారు.

ఉదాహరణకు ఒక ఆసుపత్రిలో ఓపీ చీటీల పద్ధతి మార్చాలనుకుందాం. కంప్యూటర్ టోకెన్ రావడం ఖాయం, సాఫ్ట్‌వేర్ కొనేశారు. అది మొదటి గడి. కౌంటర్లు ఎన్ని, ఏ వేళల్లో అన్నది రెండో గడి. ఏ కౌంటర్లో ఎవరు కూర్చోవాలి, ముసలివాళ్లనీ గర్భిణులనీ ముందు పంపడం ఎలా, కరెంటు పోతే ఏం చేయాలి అన్నవి మూడో గడి. ఈ కాగితాన్ని మీటింగ్ మొదటి ఐదు నిమిషాల్లో చదివి గోడకు అంటించాలి. రెండో, మూడో గళ్లు ఖాళీగా ఉంటే మీటింగ్ అక్కర్లేదు, నోటీసు చాలు. ముహూర్తం పెట్టేసి పిల్లను ఇష్టమా అని అడిగినట్టు అందరినీ పిలిచి కూర్చోబెట్టడం కన్నా, "ఇది తేలిపోయింది, కారణాలివి" అని సూటిగా చెప్పేయడమే మర్యాద. ఉద్యోగాల కోతలాంటి విషయాల్లో మరీను.

గదిలో ఎవరుండాలి

ఫ్యూచర్ సెర్చ్ అనే పద్ధతిని మార్విన్ వైస్‌బోర్డ్, సాండ్రా జానాఫ్ తీర్చిదిద్దారు. విషయంతో సంబంధమున్న అన్ని వర్గాలూ ఒకే గదిలో ఉండాలన్నది దాని మొదటి షరతు. అధికారం ఉన్నవాళ్లు, డబ్బు ఉన్నవాళ్లు, పని తెలిసినవాళ్లు, ఆ నిర్ణయం ఎవరి నెత్తిన పడుతుందో వాళ్లు. సాధారణంగా 60, 70 మంది, దాదాపు మూడు రోజులు. ముందు గతం, తర్వాత వర్తమానం, ఆ తర్వాత భవిష్యత్తు. ఎంత మాట్లాడినా కుదరని విషయాన్ని "ఒప్పుదల లేనివి" అన్న జాబితాలో రాసి పక్కన పెడతారు. దాన్ని పట్టుకుని పొద్దంతా గుంజులాడరు.

హైదరాబాద్‌లో 2018లో దుకాణం తెరిచిన ఐకియా, 2003లో జర్మనీలోని హాంబర్గ్‌లో ఈ పద్ధతి వాడింది. విషయం ఎక్టార్ప్ అనే సోఫా. దాని డిజైను, తయారీ, పంపిణీ మొత్తం మార్చాలి. కంపెనీ పెద్దలతో పాటు సరుకు సరఫరా చేసేవాళ్లు, కొనుక్కునేవాళ్లు, మొత్తం 52 మంది 18 గంటల పని వేళల్లో కొత్త పద్ధతికి రూపమిచ్చి, అమలుకు బృందాలు కూడా వేసుకున్నారు. సరే అనాల్సినవాళ్లు ఆ గదిలోనే ఉన్నారు కనుక ఫైలు పైకి పోయి రావలసిన పని లేకపోయింది.

మన ఆసుపత్రి లెక్కలో ఆ గదిలో డాక్టర్లు, నర్సులు సరే. చీటీలు రాసే గుమాస్తా, వరుస సర్దే సెక్యూరిటీ మనిషి, ఆయా, నెలనెలా బీపీ మాత్రలకు వచ్చే ఇద్దరు ముగ్గురు రోగులు కూడా ఉండాలి. వరుస ఎక్కడ, ఏ గంటకు తెగుతుందో సూపరింటెండెంట్ కన్నా సెక్యూరిటీ మనిషికే బాగా తెలుసు.

కుర్చీల సంగతి

బడి క్లాసులా వరుసలు వేసి, ఎదురుగా వేదిక పెట్టి, మైకు ఒక్కటే ఉంచితే అక్కడ ఎవరు మాట్లాడతారో కుర్చీలే చెప్పేస్తాయి. దీన్ని మార్చడానికి రెండు తేలికైన పద్ధతులున్నాయి.

ఒకటి వరల్డ్ కేఫ్. 1995 జనవరిలో కాలిఫోర్నియాలోని మిల్ వ్యాలీలో, జువానిటా బ్రౌన్, డేవిడ్ ఐజాక్స్ దంపతుల ఇంట్లో రెండు డజన్ల మంది చర్చకు కూడారు. బయట వాన. అందరూ వచ్చేదాకా కాలక్షేపానికి చిన్న చిన్న బల్లలు వేసి, వాటి మీద తెల్ల కాగితాలు పరిచి, రంగు పెన్సిళ్లు పెట్టారు. జనం నలుగురైదుగురుగా కూర్చుని మాట్లాడుకుంటూ కాగితాల మీద రాసుకున్నారు, కాసేపటికి బల్లలు మారారు. అనుకోకుండా కుదిరిన ఆ ఏర్పాటే తర్వాత పద్ధతిగా స్థిరపడింది. బల్లకు నలుగురైదుగురు, ఒక్కో విడత ఇరవై నిమిషాలు, మూడు విడతలు. బల్ల దగ్గర ఒక్కరు ఉండిపోయి, కొత్తగా వచ్చినవాళ్లకు అంతవరకు జరిగింది రెండు ముక్కల్లో చెబుతారు. మిగతావాళ్లు వేర్వేరు బల్లలకు చెదిరిపోతారు.

మన ఆఫీసుల్లో దీనికి ఒక సవరణ అవసరం. మొదటి విడతలోనే మేనేజరునీ అటెండరునీ ఒకే బల్ల దగ్గర కూర్చోబెడితే "మీరు చెప్పండి సార్" దగ్గరే బండి ఆగిపోతుంది. మొదటి విడత ఎవరి హోదావాళ్లు వాళ్లతోనే కూర్చుని తమ మాట కాగితం మీద పెట్టుకోవాలి. కాగితం మీదికి ఎక్కాక రెండో విడతలో కలిపి కూర్చోబెట్టినా మాట వెనక్కి పోదు. రాయడం రానివాళ్లుంటే కాగితాన్నే పట్టుకు వేలాడనక్కర్లేదు. గ్రామాభివృద్ధి పరిశోధకుడు రాబర్ట్ చేంబర్స్ 1989 నుంచి 1991 దాకా హైదరాబాద్‌లోని అడ్మినిస్ట్రేటివ్ స్టాఫ్ కాలేజీలో ఉన్నాడు. గ్రామస్తులే తమ ఊరి పరిస్థితి అంచనా వేసుకునే పద్ధతులు మనదేశంలో ఊపందుకున్న రోజులవి. ఊరి పటం నేల మీద ముగ్గుపిండితో వేయడం, సమస్యల తీవ్రతను గింజలు పేర్చి చూపడం అలా వాడుకలోకి వచ్చాయి. తలకు పది చింతగింజలిచ్చి, గోడ మీది సమస్యల కింద పెట్టిన గిన్నెల్లో వేయమంటే, ఏది ముందో పావుగంటలో తేలుతుంది. ఏ గింజలు ఎవరివో ఎవరికీ తెలియదు.

రెండోది ఓపెన్ స్పేస్. దీన్ని రూపొందించిన హారిసన్ ఓవెన్ 1983లో చాలా శ్రమపడి ఒక పెద్ద సదస్సు నడిపాడు. అయిపోయాక అడిగితే, అన్నిటికన్నా బాగున్నవి కాఫీ విరామాలే అన్నారంతా. 1985లో కాలిఫోర్నియాలోని మాంటెరేలో ఆయన అజెండా అన్నదే లేకుండా 85 మందిని గుండ్రంగా కూర్చోబెట్టాడు. మాట్లాడాలనుకున్నవాళ్లు విషయాన్ని కాగితం మీద రాసి, లేచి చదివి, గోడ మీద సమయం, చోటు చూసుకుని అంటించారు. రెండు గంటల్లోపే మొత్తం సదస్సు అజెండా గోడెక్కింది. ఈ పద్ధతిలో నియమం ఒక్కటే. ఉన్నచోట నేర్చుకునేదీ చెప్పేదీ లేదనిపిస్తే లేచి ఇంకో గుంపులోకి పోవచ్చు, ఎవరూ ఏమీ అనుకోకూడదు.

సహకార సంఘాల మహాజన సభ అజెండాలో చిట్టచివర "అధ్యక్షుల వారి అనుమతితో ఇతర విషయములు" అని ఒక అంశం ఉంటుంది. అప్పటికి భోజనాల వాసన వస్తుంటుంది కనుక అక్కడెవరూ నోరు విప్పరు. ఓపెన్ స్పేస్ ఆ చివరి అంశాన్నే రోజంతా చేస్తుంది. అయితే జవాబు ఎవరికీ తెలియని పెద్ద చిక్కుల్లోనే ఇది పనికొస్తుంది. రేపటికల్లా తేలాల్సిన విషయానికీ, జవాబు ముందే రాసి పెట్టుకున్న విషయానికీ పనికిరాదు.

ప్రశ్న రాసింది ఎవరు?

2001 జూన్ చివరి వారంలో అప్పటి మెదక్ జిల్లా జహీరాబాద్ దగ్గరి అల్గోల్‌లో "ప్రజాతీర్పు" పేరుతో వ్యవసాయం మీద ఒక జ్యూరీ విచారణ జరిగింది. జ్యూరీలో 19 మంది, ఎక్కువగా చిన్న, సన్నకారు రైతులు. వాళ్లలో దళిత, ఆదివాసీ స్త్రీలదే పెద్ద సంఖ్య. అప్పటి రాష్ట్ర ప్రభుత్వ పత్రం విజన్ 2020 చూపిన యాంత్రిక వ్యవసాయం, ఎగుమతులకు సేంద్రియ సేద్యం, స్థానిక వనరులతో స్వయంపోషక సేద్యం అని మూడు దారులు వీడియోల్లో చూపించారు. సాక్షులను పిలిపించారు, జ్యూరీ అడ్డు ప్రశ్నలు వేసింది. మూడింటిలో ఒకటి ఎంచుకుని తీరాలని పట్టు పట్టలేదు. తమ దారి తామే కలిపి అల్లుకోవచ్చన్నారు. వ్యవసాయం మీద బతికేవాళ్ల సంఖ్యను తగ్గించడాన్నీ, జన్యుమార్పిడి పంటలనూ, కాంట్రాక్టు సేద్యాన్నీ జ్యూరీ కాదంది.

2002లో నివేదిక వచ్చాక, రాష్ట్రానికి సాయమందిస్తున్న బ్రిటిష్ ప్రభుత్వ సంస్థ అధికారులు ఆ ప్రక్రియ నిష్పాక్షికతనే ప్రశ్నించారు. నిర్వాహకులు సమర్థించుకున్నారు. ఎవరి వాదన ఎటున్నా, మీటింగ్ పిలిచేవాళ్లకు ఇందులో పనికొచ్చే సంగతి ఉంది. తీర్పు కన్నా ముందు, దారులు మూడేనని ఎవరన్నారు, సాక్షులను ఎవరు ఎంచారు అన్నవే తగవు పెడతాయి. కాబట్టి మీటింగ్‌లో వేసే ప్రశ్నను మేనేజర్ ఒక్కరే రాయకూడదు. వేర్వేరు విభాగాల నుంచి నలుగురైదుగురు వారం ముందే కూర్చుని రాయాలి. "కొత్త టోకెన్ పద్ధతిని ఎలా విజయవంతం చేద్దాం?" అంటే చప్పట్లు వస్తాయి. "మన ఓపీలో రోగి ఎక్కడ, ఎంతసేపు నిలబడాల్సి వస్తోంది?" అంటే సమాచారం వస్తుంది.

జవాబు అక్కడే

1980లలో జనరల్ ఎలక్ట్రిక్ కంపెనీ లక్షకు పైగా ఉద్యోగాలు తగ్గించింది. మనుషులు తగ్గారు గానీ పనికిరాని పని తగ్గలేదు. ఆ పరిస్థితుల్లో కంపెనీ అధిపతి జాక్ వెల్చ్ వర్క్ అవుట్ అనే పద్ధతి పెట్టించాడు. సిబ్బంది రెండు మూడు రోజులు బాస్ లేకుండా కూర్చుని ప్రతిపాదనలు తయారుచేస్తారు. చివరి రోజు బాస్ వస్తాడు. ఒక్కోదానికి అక్కడికక్కడే సరే అనాలి, లేదా కాదనాలి, లేదా ఫలానా తేదీలోగా వివరాలు తెప్పించుకుని చెబుతాననాలి. "పరిశీలిస్తాం" అన్న మాటకు చోటు లేదు.

మసాచుసెట్స్ రాష్ట్రం లిన్ పట్టణంలోని ఆ కంపెనీ విమాన ఇంజన్ల ఫ్యాక్టరీలో ప్లాంటు సేవల అధిపతి ముందు సిబ్బంది 108 ప్రతిపాదనలు పెట్టారు. ఆయన పై అధికారి కూడా వచ్చి ఆయన వెనక వైపున ఉన్నాడు. కుర్చీలను కావాలనే అలా వేశారు, పైవాడి ముఖం చూసి జవాబు చెప్పాలంటే మొత్తం వెనక్కి తిరగాలి. అరగంటలో ఆయన చొక్కా చెమటతో తడిసిపోయింది. ఒక్కోదానికి నిమిషం చొప్పున, ఎనిమిది తప్ప అన్నిటికీ సరే అన్నాడు. సానపట్టే యంత్రాలకు రక్షణ కవచాలు తామే చేసుకుంటామన్నది అందులో ఒకటి. ఒక కార్మికుడు దాని నమూనాను ఖాకీ కాగితపు సంచీ మీద గీశాడు. బయటి కంపెనీ 96,000 డాలర్లు అడిగిన పని 16,000 డాలర్లతో అయిపోయింది.

చిన్న సంస్థకు మూడు రోజులు దొరకవు. నలభై మంది సిబ్బందికి ఒక పూట చాలు. తొమ్మిదింటికి మూడు గళ్ల కాగితం చదవాలి. పదకొండు వరకు బల్లల చర్చ జరగాలి, ఈ సమయంలో అధికారి హాల్లో ఉండకపోతే మంచిది. పదకొండుకు చింతగింజలు. పదకొండున్నర నుంచి, ఎక్కువ గింజలు పడ్డ ఏడెనిమిది విషయాల మీద ఒక్కో బల్ల ఒక్కో ప్రతిపాదన రాస్తుంది. అందులో ఏం చేయాలి, ఎవరు చేయాలి, ఎప్పటికి అన్న మూడూ ఉండాలి. పన్నెండున్నరకు అధికారి వచ్చి ఒక్కోదానికి జవాబివ్వాలి. కాదన్నవాటికి కారణం అందరి ముందూ చెప్పాలి. మినిట్స్ పుస్తకంలో "ఏకగ్రీవంగా ఆమోదించడమైనది" అని రాయకుండా, ఎవరు ఏం ఒప్పుకున్నారో పేరుతో, తేదీతో రాసి, ఆ పేజీ జిరాక్సును మధ్యాహ్నం భోజనానికి ముందే నోటీసు బోర్డులో పెట్టాలి.

తర్వాతి నెలలు

1953లో అహ్మదాబాద్ కాలికో మిల్లులో, లండన్‌లోని టావిస్టాక్ సంస్థ నుంచి వచ్చిన ఎ.కె. రైస్ ఆటోమేటిక్ మగ్గాల షెడ్డు చూశాడు. 224 మగ్గాలు, 29 మంది, 12 రకాల పనులు. ఎవరి పని వాళ్లది, మొత్తం ఎవరిదీ కాదు. జట్లుగా ఏర్పడి ఒక్కో జట్టు కొన్ని మగ్గాలను పూర్తిగా చూసుకుంటే ఎలా ఉంటుందని ఆయన అడిగాడు. ఆ ఆలోచనను కార్మికులు, సూపర్‌వైజర్లు చేతుల్లోకి తీసుకుని, ఎవరు ఎవరితో అన్నది తామే తేల్చుకున్నారు. మొదట్లో నేత పెరిగింది గానీ బట్టలో లోపాలూ పెరిగాయి. సర్దుబాట్లు చేశాక రెండూ దారికొచ్చాయి. 1970లో అదే సంస్థకు చెందిన ఎరిక్ మిల్లర్ మళ్లీ వెళ్లి చూసేసరికి ఒక షెడ్డులో జట్ల పద్ధతి నిలిచే ఉంది. మిగతా చోట్ల, కాలంతో వచ్చిన ఒత్తిళ్లకు, పని పాత పద్ధతికే మళ్లింది.

కాబట్టి మొదటి మీటింగ్ రోజే ముప్పయ్యో రోజు మీటింగ్ తేదీ కూడా ఖాయం చేయాలి. అందులో కొత్త స్లయిడ్లు ఉండవు, నోటీసు బోర్డులోని పాత పేజీ ఒక్కటే చదువుతారు. అయినవి, కానివి, అయినా చెడినవి అని మూడు రంగుల్లో గుర్తు పెడతారు. కాలికోలో బట్ట లోపాల్లాగే మొదటి నెలలో ఏదో ఒకటి చెడుతుంది. టోకెన్ యంత్రం ఆగిపోవచ్చు, ముసలివాళ్ల వరుసలోకి కుర్రవాళ్లు దూరవచ్చు. దాన్ని బాగుచేసే పని మళ్లీ పైనుంచి వచ్చే సర్క్యులర్‌కు అప్పగించకుండా ఆ కౌంటర్ వాళ్లకే వదలాలి. వాళ్లు అడిగిన సామాను, సమయం ఇప్పించడం అధికారి వంతు. తొంభయ్యో రోజున ఇంకోసారి అదే పేజీ తీస్తారు. అప్పటికి కొత్తగా చేరినవాళ్లుంటే వాళ్లనూ పిలిచి, ఈ పద్ధతిలో మీకేం అర్థం కాలేదని వాళ్లనే ముందు అడుగుతారు.